పిల్లల మాట చెల్లాలి

ప్రాథమిక పాఠశాలల్లో ఏటా ఒక రోజు స్వపరిపాలన దినోత్సవం జరుపుతాం. ఐదో తరగతి ఆడపిల్లలు అమ్మల చీరలు చుట్టుకుని, జడలో పూలు పెట్టుకుని వస్తారు. మగపిల్లలు తెల్లచొక్కా టక్ చేసుకుని జేబుకి పెన్ను తగిలించుకుంటారు. ఒకరు హెచ్‌ఎం, ఒకరు ఎంఈవో, ఒకరు కలెక్టరు. ఆ రోజు నేను వెనక కూర్చుని చూస్తుంటాను. చీర కట్టుకున్న పిల్ల గదిలోకి రాగానే చేసే మొదటి పని స్కేలుతో బల్ల మీద కొట్టడం. ఆ వెంటనే "సైలెన్స్!" అనడం. తర్వాత ఒకణ్ణి బోర్డు దగ్గరికి పిలిచి, మాట్లాడేవాళ్ళ పేర్లు రాయమనడం.

బడిలో అధికారం ఎలా ఉంటుందో వాళ్ళు రోజూ చూసేదే ఆ పూట చేసి చూపిస్తారు. అందుకే ఆ పండగ నాకు తృప్తినివ్వదు. ఆ ఒక్కరోజూ పెద్దవాళ్ళ వేషం వేయిస్తాం సరే. మిగతా రోజుల్లో, పిల్లలు పిల్లలుగా ఉంటూనే, ఏ విషయంలో వాళ్ళ మాట చెల్లుతోంది? పిల్లలు చెప్పేది వినాలని శిక్షణల్లో తరచూ అంటారు. వినడం ఒక్కటే చాలదు. వాళ్ళు చెప్పినదాని వల్ల బడిలో ఏదో ఒకటి, చిన్నదైనా సరే, మారాలి. అప్పుడే మళ్ళీ చెబుతారు.

మన వాచకాల్లో పాఠం మొదట్లో ఒక బొమ్మ, దాని కింద ప్రశ్నలు ఉంటాయి. చివర "నీవైతే ఏం చేసేవాడివి?" లాంటిది ఒకటి ఉంటుంది. గైడులో దానికీ జవాబు అచ్చయి ఉంటుంది. అదే బోర్డు మీదికెక్కుతుంది. తరగతిలో ఎంతమంది ఉంటే అంతమందీ నోటు పుస్తకాల్లో ఒకే పని చేస్తారు!

పిల్లల సొంత జవాబు రావాలంటే ముందు మనం ఆగాలి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970 ప్రాంతాల్లో తరగతి గదుల్లో రికార్డు చేసిన టేపులు విని ఒక సంగతి పట్టుకున్నారు. ప్రశ్న వేశాక టీచరు జవాబు కోసం ఆగేది సుమారు ఒక్క సెకను. ఆ ఆగడాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడుగవుతున్నాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్ళు మాట్లాడుతున్నారు, ఎదురు ప్రశ్నలు కూడా వేస్తున్నారు. తరగతిలో నిలబడితే తెలుస్తుంది, మూడు సెకన్లు ఎంత పొడుగో. ముందు వరసవాళ్ళు చెయ్యెత్తి "నేనండీ, నేనండీ" అని ఊగిపోతుంటారు. వాళ్ళ మీంచి చూపు తిప్పుకుని, వెనక గోడ పక్క కూర్చున్నవాళ్ళ ముఖంలోకి నింపాదిగా చూడటం నేర్చుకోవాలి. నా దృష్టిలో ఈ వృత్తిలో అన్నిటికన్నా కష్టమైన పనితనం అదే.

ఆగి వింటే ఏం బయటికొస్తుందో మా బడిలోనే చూశాను. మధ్యాహ్న భోజనం వరస దగ్గర మా పిల్లలు తెగ పోట్లాడుకునేవాళ్ళు. ఐదో తరగతివాళ్ళు పరుగెత్తి ముందు నిలబడేవాళ్ళు, ఒకటి రెండు తరగతుల బుడతలు వెనకబడేవాళ్ళు. "చిన్నవాళ్ళకే ముందు" అని మేం ఒక్కమాట అనేస్తే తేలిపోయేది. అలా అనకుండా అందర్నీ వేపచెట్టు కింద గుండ్రంగా కూర్చోబెట్టి, ఏం చేద్దామని అడిగాను. ఐదో తరగతి లీడరే పెద్దమనసు చేసుకుని "చిన్నోళ్ళకే ముందు పెట్టేద్దామండీ" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు రెండో తరగతి పిల్ల ఒకతె గౌను అంచు నలుపుకుంటూ లేచింది.

"మాకు ముందొద్దండీ."

"ఎందుకమ్మా?"

చాలాసేపు నేలచూపులే. ఆగాను.

"అన్నం అప్పుడే దింపుతారు కదండీ, చెయ్యి కాలిపోద్ది. ఊదుకుంటా కూచుంటే ఈళ్ళంతా తినేసి బంతి పట్టుకుపోతారు."

ఆ వరండాలో రోజూ నిలబడి వడ్డన చూసే పెద్దవాళ్ళెవరికీ తట్టని సంగతి అది. చిన్న వేళ్ళకి వేడి ఎంత తగులుతుందో ఆ వేళ్ళున్నవాళ్ళకే తెలియాలి. ఆ తర్వాత చాలాసేపు వాదించుకున్నారు. గంట కొట్టగానే ఐదో తరగతివాళ్ళిద్దరు చిన్నవాళ్ళ పళ్ళాల్లో అన్నం పెట్టించి వరండా గట్టు మీద వరసగా ఆరబెట్టాలి. ఈలోగా చిన్నవాళ్ళు చేతులు కడుక్కుని రావాలి. అందరూ తినేదాకా బంతి ఆఫీసు గదిలోనే ఉండాలి. ఒక వారం చూసి మళ్ళీ మాట్లాడుకోవాలని నాలుగో తరగతివాడొకడు షరతు పెట్టాడు. వారం తర్వాత నిజంగానే కూర్చున్నాం. పళ్ళాలు మారిపోతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఎవరి పళ్ళెం అడుగున వాళ్ళు గోళ్ళరంగుతో గుర్తు పెట్టుకున్నారు. మొదటిసారి కూర్చోబెట్టడం ఎవరైనా చేయగలరు. రెండోసారి కూర్చున్నాకే పిల్లలకు నమ్మకం కుదిరింది.

అన్నీ పిల్లల చేతికి వదిలెయ్యమని నేననను. లెక్కల పీరియడ్ వద్దంటే తీసెయ్యలేం. గేటు దాటి చెరువు దాకా వెళ్తామంటే పంపలేం. కుదరనప్పుడు ఎందుకు కుదరదో వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పాలి. పిల్లలు "కుదరదు" అంటే కాసేపు అలుగుతారు, మళ్ళీ ఇంకోటి అడుగుతారు. "చూద్దాంలే" అని దాటేస్తే మాత్రం ఇక అడగడం మానేస్తారు.

ఒకే టీచరు, ఐదు తరగతులు, ఇదంతా అయ్యేపనా అని తోటి ఉపాధ్యాయులు అంటుంటారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో పెట్టిన చిన్న బడుల్లో ఉన్నది అదే పరిస్థితి. అక్కడ పద్మనాభరావు, రమ దంపతులు తయారుచేసిన పద్ధతిలో గోడ మీద ఒక నిచ్చెన పటం ఉంటుంది. ఒక్కో అడుగుకీ ఒక బొమ్మ గుర్తు. బడికి వచ్చిన పిల్ల తాను ఎక్కడిదాకా వచ్చిందో ఆ పటంలో చూసుకుంటుంది, ఆ గుర్తున్న కార్డు తనే తీసుకుంటుంది, తను కూర్చోవలసిన గుంపులో కూర్చుంటుంది. కోతలకనో, జ్వరమనో నాలుగు రోజులు మానేసినా, ఆగినచోటి నుంచే మళ్ళీ మొదలు. టీచరు గుంపు నుంచి గుంపుకి తిరుగుతూ అవసరమైనవాళ్ళ పక్కన కూర్చుంటారు. 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడులు, ఆ వెనక తమిళనాడు అంతటా అందుకున్నది ఈ దారినే. అక్కడ పిల్ల స్వతంత్రం టీచరు మంచితనం మీద ఆధారపడి లేదు. బడి నడిచే తీరులోనే ఉంది. అది నాకు చాలా నచ్చింది.

చట్టం కూడా మన వెనకే ఉంది. పిల్లలు భయం లేకుండా తమ అభిప్రాయాలు స్వేచ్ఛగా చెప్పుకునేలా చూడాలని 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. బడి యాజమాన్య కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులు ఉండాలని 21వ సెక్షన్ చెబుతుంది. 2010లో కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల్లో, మిగిలిన పావువంతులో స్థానిక విద్యావేత్తలకో, ఆ బడి పిల్లలకో చోటు చూపించారు. ఆ చోట పిల్లల్ని కూర్చోబెట్టే బడులు ఇంకా పెరగాలని నా కోరిక.

మా కమిటీ మీటింగు వచ్చే శనివారం. ఈసారి మొదటి అంశం ఐదో తరగతి అమ్మాయిలది. మరుగుదొడ్డి తలుపుకి లోపలి గడియ ఊడిందనీ, బయట ఒకరు కాపలా ఉంటేగాని వెళ్ళలేకపోతున్నామనీ, అందుకే కొందరు పొద్దుటి నుంచి నీళ్ళు తాగడం మానేశారనీ మా బడి గోడ పత్రికలో వాళ్ళే రాశారు. గడియ మర్నాడే బిగించాం. లోపల కుళాయి లేకపోవడం మాత్రం కమిటీయే తేల్చాలి. ఇప్పుడైతే బోరింగు దగ్గర్నించి బకెట్టు మోసుకెళ్ళాలి. ఇద్దరమ్మాయిలు టేపు పెట్టి బోరింగు నుంచి తలుపు దాకా దూరం కొలిచారు, పైపు ధర ఊళ్ళో షాపులో కనుక్కొచ్చారు. మీటింగులో మొదటి పది నిమిషాలు వాళ్ళవే. వాళ్ళు చెప్పేటప్పుడు ఎవరూ మధ్యలో అందుకోవద్దని చైర్‌పర్సన్‌తో ముందే అన్నాను. కుళాయి ఎప్పటికి పెట్టిస్తారో, ఒకవేళ పెట్టించలేకపోతే ఎందుకో, ఆ పిల్లలకే నేరుగా చెప్పి పంపమని కూడా అడిగాను.