పరనామరచనము – పరభాషారచయిత

కావ్యప్రయోజనములను లెక్కించుచు మమ్మటుఁడు ధనప్రాప్తికి ధావకాదుల నుదాహరణముగాఁ జూపినాఁడు. శ్రీహర్షాదులవలన వారికి ధనము లభించెనని యాతని తాత్పర్యము. వ్యాఖ్యాతలు కొందఱు ఇంకను ముందునకుఁ బోయి, ధావకుఁడు రత్నావళిని హర్షుని పేర రచించి విశేషధనమును బడసెనని వివరించిరి. కొన్ని ప్రతులలో ధావకునకు మాఱుగా బాణుఁడని పాఠమున్నది. కథ యథార్థమైనను గాకున్నను, ఒకఁడు మాట నమ్ముట, ఒకఁడు దానిపైఁ దన పేరు నిలుపుకొనుట మన యాలంకారికులకుఁ దెలియని వ్యవహారము కాదనుటకు ఈ వ్యాఖ్యలే చాలును. రాజశేఖరుఁడు కావ్యమీమాంసలో, వెలయిచ్చి కొన్నను పరోక్తిని గ్రహించుట హరణమే యనియు, అపకీర్తికంటెఁ గీర్తి లేకుండుటయే మేలనియుఁ దీర్పు చెప్పినాఁడు. మమ్మటుఁడు అమ్మినవాని లాభమును జూచెను. రాజశేఖరుఁడు కొన్నవాని దోషమును జూచెను. అమ్మినవాని శైలి యేమయ్యెనని యిరువురును విచారింపలేదు. అంతర్జాలమున పరులపేర ఇంగ్లీషు వ్రాసి జీవించు నేఁటి తెలుఁగువారి విషయమున మొదట విచారింపవలసిన దదియే.

ఈ వృత్తికి ఇంగ్లీషున ఘోస్టురైటింగని పేరు. అమెరికాలోని వర్తకుని స్వీయచరిత్ర, వైద్యుని ఆరోగ్యవ్యాసములు, కిండిలుపుస్తకముగా వెలువడు నవల, సంస్థాధిపతి లింక్డినులోఁ బ్రకటించుకొను నాలుగు మాటలు – ఇవి యన్నియు హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవాఁడు వ్రాయవచ్చును. బేరము కుదుర్చు సంతలు వేఱుగా నున్నవి. ఎలాన్సు, ఓడెస్కు అను రెండు సంస్థలు కలసి 2015లో అప్‌వర్కను పేరు దాల్చినవి. ఆ సంస్థ 2016 మొదలు 2023 వఱకు, ఒక్కొక్క ఖాతాదారువలన వచ్చిన సొమ్ములో తొలి 500 డాలర్లకు నూటికి 20 వంతునఁ దన కూలి మినహాయించుకొనెడిది. రాఁబడి పెరిగినకొలఁది వంతు తగ్గెడిది. చిల్లరపనులు చేసికొను క్రొత్తవానికే కోఁత యెక్కువ యన్నమాట. రహస్యమును బయటపెట్టరాదను నొడంబడిక దీనికిఁ దోడు. పదిగ్రంథములు వ్రాసినవాఁడైనను, పదునొకండవ ఖాతాదారు "మీరు వ్రాసినది యొకటి చూపుఁడు" అన్నపుడు చూపుటకేమియు లేక నిలువవలసినదే.

ఇఁక భాష. పరభాషారచయితకుఁ బెట్టు మొదటి నియమము, అతఁడు పరభాషారచయిత యని యెవరికిని దెలియరాదనుట. "కజిన్ బ్రదర్" కూడదు, "ప్రిపోన్" కూడదు, "డూ ది నీడ్‌ఫుల్" అన్నచో లేఖ తిరుగుటపాలో వచ్చును. ఈ చివరి పదబంధమును భారతీయులు కల్పించినదిగా ఖాతాదారు లెంచుదురు. కాని యది యొకప్పుడు ఇంగ్లండువారే ధారాళముగా వాడిన కచ్చేరిభాష. వారు విడిచినను మన కార్యాలయములు విడువలేదు. అనఁగా, పరదేశిచిహ్నమని కొట్టివేయఁబడు దానిలోఁ గొంత ఇంగ్లండువారి పాతసొత్తే. తక్కినది నిజముగాఁ దెలుఁగుదే: "మెల్లమెల్లగా" అను నామ్రేడితము, "పోయి, చూచి, మాటాడి" యని క్త్వార్థకములను గొలుసుగాఁ గూర్చు నలవాటు, ప్రధానక్రియ వచ్చువఱకు విషయమును బిగఁబట్టు వాక్యనిర్మాణము. మన భాషలో ఆర్టికిలు లేదు గనుక దానికడ జరుగు పొరపాటులు వట్టి తప్పులే; వానిని దిద్దవలసినదే. పైఁ జెప్పిన నడక మాత్రము తప్పు కాదు. ఈ రెంటికిని భేద మెఱుఁగక యొకే కత్తెరతోఁ గత్తిరించుట ఈ వృత్తిలోని పెద్దలోపము.

ఆంధ్రవాఙ్మయపరిశోధకులకు ఈ భేదము బాగుగాఁ దెలిసినదే. ఆముక్తమాల్యద పెద్దనకృతమను వాదము బయలుదేఱినపుడు దానిని ద్రోసిపుచ్చినవారికిఁ బ్రధానసాధనము శైలియే గదా. పెద్దన నున్నఁదనము అందు లేదు. కొఱకఱానిపదములు, ఎగుడుదిగుడు సమాసములు, పల్లెపట్టుల సూక్ష్మపరిశీలనము ఉన్నవి. కన్నడరాయఁడని పేరుగన్న ప్రభువు తెలుఁగున వ్రాసిన కావ్యమున ఆ కఱకుఁదనమే కర్తకు సాక్షిగా నిలిచినది. ఎవరేని పరిష్కర్త పూనుకొని దానిని మనుచరిత్రవలె నునుపుచేసి యుండినచో రాయలకుఁ గర్తృత్వము మిగులుట కష్టమయ్యెడిది. 1938లో వెలువడిన "కాంతాపుర" నవలకు ముందుమాట వ్రాయుచు రాజారావు, భారతీయజీవనములోని వేగమును ఇంగ్లీషులోనికిఁ దెచ్చుట యావశ్యకమని వాదించెను. అతఁడు తన పేర వ్రాసెను గనుక ఆ నడక గుణమైనది. పరునిపేర వ్రాయువానియందు ఆ నడకయే దోషమగుచున్నది!

ఔచిత్యవాదులు ఇచట నొక యాక్షేపము చేయుదురు. నాటకమునఁ బాత్రకుఁ దగిన భాషయే పెట్టవలయుఁగాని కవి తన భాషను బెట్టరాదు. అట్లే పరనామరచయిత ఖాతాదారుని గొంతుకతోఁ బలుకవలయును, తన గొంతుక వినఁబడుట రసభంగమే యగునని. ఈ యాక్షేపము బలమైనది. అతని పనిలోని కళయంతయు నిందే యున్నది. ముఖమైనఁ జూడని మనుష్యుని నాలుగు సంభాషణలు విని, అతఁడు ఎచ్చట నవ్వునో యెచ్చట నసుగునో పట్టుకొని మూఁడువందలపుటలు నడపుట సామాన్యుని తరము కాదు. అయితే ఆచరణమున జరుగుచున్నది తఱచుగా వేఱు. ఖాతాదారునికిఁ దన గొంతుక యేదో తెలియదు. అతఁడు కోరునది "చక్కని ఇంగ్లీషు" మాత్రమే. అందుచేత రచయిత తన నడకను విడుచునేకాని ఖాతాదారుని నడకను జేరుకొనఁడు. నడుమ నెవరిదియుఁగాని మాటతీరొకటి పుట్టును. తప్పు దొరలునేమో యను భయమున నతఁడు పరిచితపదములను దాఁటిపోఁడు. ఒక్క వాక్యమందును సాహసము చేయఁడు.

ఈ భయమునకు 2022 చివర చాట్‌జీపీటీ వచ్చినపిమ్మట క్రొత్తశిక్ష యేర్పడినది. మనుష్యుఁడు వ్రాసినదో యంత్రము వ్రాసినదో కనిపెట్టుదుమను పరికరములు సంతలోనికి వచ్చినవి. స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయపరిశోధకులు 2023లో ఇట్టి పరికరములు ఏడింటిని బరీక్షించిరి. ఇంగ్లీషు మాతృభాష కానివారు టోఫెల్ పరీక్షకై వ్రాసిన 91 వ్యాసములను ఇచ్చి చూడఁగా, సగటున నూటికి 61 వంతులవఱకు యంత్రకృతములని యవి తేల్చినవి. అమెరికను బాలురు వ్రాసిన వ్యాసములను దాదాపు పొరపాటు లేక గుర్తించినవి. తరువాతి పాదు మఱియు విచిత్రము: ఆ వ్యాసములలోని పదజాలమును యంత్రముచేతనే దేశీయులదానివలె దిద్దించి మరల నీయఁగా, తప్పుతీర్పు నూటికి సుమారు 12 వంతులకు దిగినది. సొంతముగా వ్రాసినవాఁడు యంత్రమయ్యెను; యంత్రముచే దిద్దించుకొన్నవాఁడు మనుష్యుఁడయ్యెను. 2024లో "డెల్వ్" అను క్రియ యొక్కటి యుండుటయే యంత్రరచనకు గుర్తన్నట్లుగా అమెరికాలోఁ బ్రముఖుఁడొకఁడు వ్రాయఁగా, నైజీరియావారు అది తమ బడిలో నేర్చిన మాటయే యని యెదిరించిరి. తన పేర వ్రాయువాఁడు అట్లు బహిరంగముగా వాదింపవచ్చును. పరనామరచయితకు ఆ యవకాశము లేదు. కూలి యాఁగిపోయినను ఒడంబడిక నోరు కట్టును.

శాసనమున నతనికిఁ గొంత యాధారము లేకపోలేదు. మన 1957 నాఁటి కాపీరైటుచట్టపు 57వ విభాగము ప్రకారము, హక్కును విక్రయించినపిమ్మటను తానే కర్తనని చెప్పుకొను ప్రత్యేకాధికారము రచయితకుఁ గలదు. దానిని స్వచ్ఛందముగా వదలుకొనవచ్చునని 2015లో ఒక చలనచిత్రవివాదమున ఢిల్లీ ఉన్నతన్యాయస్థానము అభిప్రాయపడినది. ఖాతాదారులు పెక్కుమంది నివసించు అమెరికాలో, 1990 నాఁటి శాసనముచే నట్టి యధికారము కొన్ని దృశ్యకళాఖండముల కర్తలకే దక్కినది, గ్రంథకర్తలకు లేదు.

రంగనాథరామాయణమును గోన బుద్ధారెడ్డి తన తండ్రి విట్ఠలనాథుని పేర రచించినట్లు ఆ గ్రంథావతారికయే చెప్పుచున్నది. అది దాఁపఱికము లేని పరనామరచనము. పేరు తండ్రికిచ్చుచునే కుమారుఁడు తానిచ్చితినని చెప్పినాఁడు. కవిజనాశ్రయమున కట్టి నిశ్చయము లేకపోవుటచేతనే భీమకవిదా, రేచనదా యని తరతరములు వాదించినవి. నేఁటి పరనామరచయితకు అవతారిక వ్రాయు భాగ్యము లేదు. అతని గ్రంథమునకుఁ గర్తృత్వప్రమాణ మేదేని మిగిలినచో, ఏ దినమున నేవాక్యము వ్రాసి కొట్టివేసెనో తెలుపు చిత్తుప్రతులే. గూగులు దస్తావేజులలో ఆ మార్పుల వరుస యంతయు నిలిచియుండును. పని ముగిసిన దినముననే దస్తావేజు ఖాతాదారుని వశము చేయుట యలవాటు. తనకొక ప్రతి యుంచుకొనుట సాధారణముగా నొడంబడికకు విరుద్ధము.