బుధుడు ఒప్పుకోని అందం

ఈ వారం ఒక పరిశోధన పత్రం చదివి ఒళ్లు మండింది. ఐన్‌స్టీన్ సూత్రంలో వక్రత ‘ఆర్’ ఉన్నచోట దాని ఫంక్షన్ ‘ఎఫ్(ఆర్)’ని కూర్చోబెట్టారు. ఏ ఫంక్షన్ అంటే, ఏది పెడితే సౌష్ఠవం కుదురుతుందో అది! అందం సాక్ష్యం కాదని నేను పాడే పాట పాత పాఠకులకు కంఠతా వచ్చు. ఇంకోసారి భరించండి.

విశ్వవిస్తరణ వేగం పుంజుకుంటోందని 1998లో సూపర్‌నోవాలు తేల్చాయి. కారణం చీకటి శక్తి అంటే మింగుడుపడక గురుత్వాకర్షణ సూత్రాన్నే సవరించబోయినవాళ్లు చాలామంది. సవరణలకేమో అంతులేదు. వాటిలో ఒకదాన్ని ఎంచుకోవడానికే గణితవేత్త ఎమ్మీ నోథర్‌ని పిలుస్తారు.

ఆమె మాట ఎత్తితే నేను ఆగలేను. 1915లో గణితవేత్తలు హిల్బర్ట్, క్లైన్ ఆమెను గోటింగెన్‌కి పిలిపించుకున్నారు. సాధారణ సాపేక్షతలో శక్తి నిత్యత్వ నియమం ఎటూ తేలడం లేదు, దాని సంగతి చూడాలి. ఆడమనిషి కనుక జీతం లేదు; పాఠాలు చెప్పేది ఆమె, ప్రకటనలో పేరు హిల్బర్ట్‌ది. 1918 జులైలో ఆమె సిద్ధాంతాన్ని అక్కడి సైన్స్ సంఘానికి క్లైన్ సమర్పించాడు, ఆమెకు సభ్యత్వం లేదు మరి. ప్రకృతి నియమం ఇవాళా రేపూ ఒకటే అయితే శక్తి నిలిచి ఉంటుంది. ఇక్కడా అక్కడా ఒకటే అయితే ద్రవ్యవేగం. 1933లో యూదు అని నాజీలు ఉద్యోగం పీకేశారు. అమెరికా వెళ్లి, రెండేళ్లకే కన్నుమూసింది.

అలా మారకుండా ఉండటమే సౌష్ఠవం. ఆమె ముందే ఉన్న సౌష్ఠవం నుంచి నిలకడ రాశిని రాబట్టింది. ఈ పత్రం రాసినవాళ్లు తిరగేశారు: రాశి కావాలి, అది దొరికే ఎఫ్ ఏది? ఎక్కడ చూసినా ఒకేలా ఉండే విశ్వానికి లగ్రాంజియన్ (చలన సమీకరణాలు పుట్టేది ఇందులోంచే) రాసి ఆ షరతు పెడితే, ఆర్‌కి 3/2 ఘాతం తేలుతుంది. సమీకరణాలు చక్కగా విడిపోతాయి. చూడముచ్చటే! కానీ ఆ ఘాతాన్నే ఒంటరిగా సౌరకుటుంబంలోకి తెస్తే బుధుడి కక్ష్య ఒప్పుకోదు. తాళం తేలిగ్గా వచ్చిందని ఇల్లు మనదే అనుకున్నట్టుంది వ్యవహారం.

ఇక్కడితో ముగించేవాణ్ణే, గణితవేత్త ఫ్రీడ్‌మన్ అడ్డొచ్చాడు. విశ్వం ఎక్కడ చూసినా ‘ఒకేలా’ అన్న మాట ఎక్కడిది? 1922లో ఆయన తన విశ్వం లెక్క నడవడానికి పెట్టుకున్నది. అప్పటికి పాలపుంత బయట వేరే గెలాక్సీలున్నాయన్న సంగతే తేలలేదు! 1965లో బయటపడ్డ మైక్రోవేవ్ నేపథ్య వికిరణాన్ని తర్వాత నిశితంగా కొలిస్తే, మన కదలిక వల్ల వచ్చే తేడా తీసేశాక, మిగిలిన హెచ్చుతగ్గులు లక్షలో ఒక వంతు. సౌకర్యం కోసం అనుకున్న సౌష్ఠవం నిజంగానే ఆకాశంలో ఉంది.

3/2 ఓడిన మాట నిజమే. ఫలానా సంఖ్య అని చెప్పి మరీ ఓడింది. ఎటు పడితే అటు వంగే సవరణలు ఆపాటి ధైర్యం కూడా చెయ్యవు. అందంగా ఉందన్న నేరానికి ఈ పద్ధతిని ఇక కొట్టిపారేయలేను.