ఫొటో దిగినవాళ్లు

నిరుడు శ్రావణంలో ముసురు పట్టిన ఒక పొద్దున పెద్దేముల్ నుంచి ఫోన్ వచ్చింది. పడుచు గొంతు. ఊరు చెప్పి కాసేపు ఆగాడు. "సారూ, మూడేండ్ల కింద తాండూరు జాతర ఫొటో మీరు పేపర్ల ఏసిన్రు గదా. అండ్ల మా నాయనమ్మ ఉన్నది. మొన్న ఐతారం కాలం చేసింది. ఇంట్ల ఆమెది ఆధార్ కార్డు ఫొటో తప్ప ఇంకోటి లేదు. దినాల కాడికి పెద్దగ చేయించి పెట్టాలె. మీ దగ్గర అసలుది ఉంటదా?"

ఉంది. భావిగి భద్రేశ్వరస్వామి రథోత్సవం ఫొటో అది. ఆ రాత్రి దాదాపు ఆరు వందలు తీశాను. వాటిలో నాకు బాగా నచ్చింది అదొక్కటే. రథం సరిగ్గా మధ్యలో, మోకు పట్టిన చేతులు ఏటవాలుగా పైకి, చక్రం అంచు మీద సీరియల్ బల్బుల వెలుతురు. కంప్యూటర్లో పెద్దది చేసి వెతికితే ఎడమ పక్క ఆమె కనిపించింది. తల మీద కొంగు, ఒక కన్ను, సగం ముక్కు. మిగతా సగాన్ని నా ఫ్రేము కోసేసింది.

దాని ముందువీ వెనకవీ అన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ ఆమె ముఖం పూర్తిగా లేదు. రథాన్ని మధ్యకు తెచ్చుకోవడానికి నేను ప్రతిసారీ ఒక్క అడుగు కుడికి జరిగాను. ఆ అడుగు ఆమెను బయటికి నెట్టింది. ఉన్న సగాన్నే ఆ పిల్లవాడికి పంపాను. పదకొండో రోజున ఫ్లెక్సీ ఫొటో తీసి నాకు పంపించాడు. ఆధార్ కార్డు ముఖాన్ని ఎవరిదో పట్టుచీర కట్టిన ఒంటికి అతికించారు. కింద జోహార్లు, చుట్టాల పేర్లు. ఆ ముఖం కెమెరాకు భయపడిన ముఖం. రథాన్ని చూస్తూ మెరిసిన ఆ ఒంటి కన్నుకీ ఈ ముఖానికీ పోలికే లేదు.

మన భాషలో ఫొటోకు రెండు క్రియలు. కెమెరా పట్టుకున్నవాడు ఫొటో తీస్తాడు, ఎదురుగా నిలబడ్డవాడు ఫొటో దిగుతాడు. బావిలోకి దిగినట్టు, బరిలోకి దిగినట్టు. చేస్తున్న పని ఆపి, చెమట తుడుచుకుని, కొంగు సర్దుకుని, ఊపిరి బిగబట్టి మనిషి అందులోకి దిగుతుంది. ఇరవై ఏళ్లకు పైగా జాతరలు తిరుగుతున్నాను. తీసినవి వేలల్లో ఉంటాయి. వాటిలో ఎవరైనా దిగినవి ఎన్ని అని ఆ ముసురు రోజున లెక్కపెడితే చాలా తక్కువ తేలాయి. ఆ నాయనమ్మ ఫొటో దిగలేదు. నేను తీస్తుంటే అంచుకు తగిలింది, అంతే.

నా తిరుగుడు ఎక్కువగా అనంతగిరి గుట్టల చుట్టూనే. ఈ గుట్టల్లో పుట్టిన మూసీ తూర్పుకు పోయి, హైదరాబాదు నడుమ నుంచి పారి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఇవే గుట్టల నీళ్లు పడమటికి జారితే కాగ్నా అవుతాయి. కాగ్నా తాండూరును ఒరుసుకుని కర్ణాటకలోకి వెళ్లి, ఒకప్పటి రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం, ఇప్పటి మల్ఖేడ్, కోట పక్కగా సాగి భీమలో కలుస్తుంది. భీమ మళ్లీ కృష్ణలోకే. గుట్ట మీద పడిన చినుకు ఏ వాలున జారిందన్న దాన్నిబట్టి చార్మినారు ఊరు చూస్తుందో, అమోఘవర్షుడి ఊరు చూస్తుందో తేలుతుంది. కార్తీకంలో అనంత పద్మనాభస్వామి జాతరకు వచ్చినప్పుడల్లా ఈ సంగతి తలచుకుంటాను. ఆ తర్వాత రోజంతా నీటి వాలు వెంటే నడవాలనిపిస్తుంది.

ఈ వాలు ఊళ్లలో వెలుతురు కూడా రెండు రకాలు. తాండూరు నాపరాయి ఊరు. ఇంట్లో నేల నాపరాయి, అరుగు నాపరాయి, చేను గట్టున కంచెగా నిలబెట్టినవీ నాపరాళ్లే. ఎండ ఆ బండల మీద పడి లేచి మనిషి గడ్డం కిందికి వస్తుంది. మధ్యాహ్నం పన్నెండింటికి ఫొటో తీస్తే ఏ ఊళ్లోనైనా కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. తాండూరు గల్లీలో అరుగు మీద కూర్చున్న ముసలాయనకు అవి పడవు. పెద్దేముల్ వైపు కదిలితే ఎర్రమట్టి మొదలవుతుంది. సాయంత్రపు ఎండలో ఆ నేల ముఖాలను కింద నుంచి వెలిగిస్తుంది. కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని చల్లార్చబోతుంది. దాని మాట వినకుండా వైట్ బ్యాలెన్స్ మనమే పెట్టుకోవాలి. ఈ మట్టి రంగు పోతే ఆ ఫొటో పెద్దేముల్‌ది కాదు.

సికింద్రాబాదు నుంచి వాడి దాకా నిజాం రైలు 1874లో పడింది. వికారాబాదు, తాండూరు ఆ దారి మీదివే. నేను ఇప్పటికీ పొద్దున రైలుకే పోతాను. ఆ రైలు పడిన సుమారు పదేళ్లకు ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో లాలా దీన్‌దయాళ్ ఫొటోగ్రాఫరు అయ్యాడు. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజినీరింగు చదివి, సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ముసవ్విర్ జంగ్ అన్న బిరుదు పొంది, 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియో నెగెటివ్‌లు, గాజు పలకల మీదివి, 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన పాత కోటలు, గుళ్లు ఎలా ఉండేవో చూపించిన ఆ తరం ఫొటోగ్రాఫర్లకు నేను రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

అయితే ఆ కాలపు కట్టడాల ఫొటోల్లో ఒక అలవాటు ఉంది. స్తంభం పక్కనో, ద్వారం కిందో ఒక మనిషిని నిలబెట్టేవారు. గుడి ఎంత ఎత్తో చూసేవాళ్లకు తెలియాలని. గాజు పలక మీద నీడ పట్టున బొమ్మ పడాలంటే సెకన్లు పట్టేది. ఆ లోపల కదిలినవాడు పొగలాగా కరిగిపోతాడు. కదలకుండా నిలబడ్డ ఆ తలపాగా మనిషి మాత్రం చెక్కుచెదరకుండా మిగిలాడు. కింద గుడి పేరు ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది. ఆ మనిషి పేరు ఉండదు. నూట ముప్పై ఏళ్ల తర్వాత నేను మోకు లాగే జనాన్ని రథం ఎత్తు చూపించడానికే వాడుకున్నాను కదా అనిపించినప్పుడు గుండె బరువెక్కింది. 2022 జనవరిలో మనల్ని వదిలి వెళ్లిన వరంగల్లు భరత్ భూషణ్ ఇంకో దారి చూపించి పోయాడు. జీవితమంతా తెలంగాణ పల్లెల్ని, బతుకమ్మల్ని ఫొటో తీశాడు. ఆయన ఏ ఫొటో చూసినా నా కన్ను మొదట పోయేది మనిషి మీదికే.

నేను మార్చుకున్నది పెద్ద విద్యేమీ కాదు. రథానికి వీపు పెట్టి నిలబడతాను. రథాన్ని చూసేవాళ్లను చూస్తాను. జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. ఫొటో నంబరు, పేరు, ఏ ఊరు, ఎవరి కోడలు. వద్దన్నవాళ్లను తీయను. ఎందుకు వద్దో అడగను.

పెద్దేముల్‌లో పీర్ల పండుగ నాకు ఈ విషయంలో పెద్ద బడి. మొదటిసారి 2010లో వెళ్లాను. ఆ ఏడు మొహర్రం ఆషూరా డిసెంబరు 17న వచ్చింది. చలి. పీర్ల కొట్టం ముందు అలావ గుంతలో మొద్దులు భగభగ మండుతున్నాయి, ఊదు పొగ, దట్టీలు కట్టిన పీర్లు, డప్పు. ఊరి చుట్టూ కంది కాత మీద ఉంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇప్పుడందరికీ తెలుసు. ఆ చేలను అంతకు పన్నెండేళ్ల ముందే, నిండు చంద్రుడు కూడా లేని రాత్రిలో, నిప్పు వెలుగులో చూశాను. చాంద్రమాన లెక్కన మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో ఆషూరా జూలై 17న వచ్చింది. అదే గుంత, అవే పీర్లు. నేల మాత్రం తడి, కంది అప్పుడే మొలకెత్తింది, పొగ పైకి లేవకుండా జనం మీదే పరుచుకుంది. ఒకసారి వెళ్లి పండుగను తీసుకొచ్చామని అనుకునేవాళ్లం మనం. ఈ ఒక్క పండుగ అన్ని రుతువుల్లో చూడాలంటే ముప్పై మూడేళ్లు తిరగాలి.

అలావ దగ్గర ఐఎస్‌ఓ 3200 పెట్టి, సెకనులో అరవయ్యో వంతుకు తీస్తాను. నిప్పు మీద లెక్క కట్టుకుంటే ముఖాలు నల్లబడతాయి. ముఖాల మీద కట్టుకుంటే నిప్పు తెల్లగా కాలిపోతుంది. మొదట్లో నిప్పును కాపాడుకునేవాణ్ని. ఇప్పుడు ముఖాన్ని కాపాడతాను. నిప్పు ఎలా ఉంటుందో అందరికీ తెలుసు.

పెద్దేముల్ మండలంలో తండాలు ఎక్కువ. శ్రావణంలో తీజ్ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు వెదురు బుట్టల్లో మట్టి, ఎరువు వేసి, గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోస్తారు. ఆఖరి రోజు మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని ఆడుతూ పాడుతూ నీళ్లకు పోతారు. కెమెరాలన్నీ ఆ రోజే దిగుతాయి. నేనూ ఏళ్ల తరబడి ఆ రోజే వెళ్లాను. ఒక ఏడు, తండా నాయక్‌ను అడిగి, మూడో రోజున వెళ్లాను. అద్దాల లంగాలు లేవు, పాట లేదు. వేలెడంత మొలకలు. బుట్టల దగ్గర పన్నెండేళ్ల పిల్ల చెంబు పట్టుకుని కూర్చుంది. నా కెమెరాలో తన బుట్ట చూసుకుని, "రేపు రా సారూ, రేపటికి ఇంకింత లేస్తది" అంది. వెళ్లాను. ఆ వారమంతా వెళ్లాను. మొలక రోజూ లేచింది. ఆ పిల్ల రోజూ బుట్ట పక్కన నిలబడి ఫొటో దిగింది.

అచ్చు వేయించిన ఫొటోల సంగతి చెప్పాలి. జాతర అయ్యాక పదిహేను రోజుల లోపు ప్రింట్లు తీసుకుని తిరిగి వెళ్తాను. ఆరుకు నాలుగు సైజు, లామినేషన్ చేయించినవి. వానకు, చేతి తడికి తట్టుకోవాలి కదా. పెద్దేముల్ బస్టాండు దగ్గర చాయ్ హోటలు బల్ల మీద నోటుబుక్కు విప్పితే గంటలో జనం పోగవుతారు. ఒక అవ్వ తన ఫొటో కళ్లకు దగ్గరగా, దూరంగా పెట్టుకుని చూసి నా చేతిలో తిరిగి పెట్టేసింది. "మెడల గుండ్లు గానొస్తలేవు బిడ్డా. మల్ల దించు." ఆమె చెప్పింది నిజం. కొంగు మీద పడిన వెలుతురు చూసి మురిసిపోయి మెడ వదిలేశాను. ఆ గుండ్లు ఎన్నేళ్ల కష్టమో నాకెలా తెలుస్తుంది. అక్కడే, హోటలు ముందు అరుగు మీద, మళ్లీ దించాను. ఈసారి కొంగు తనే పక్కకు జరుపుకుంది.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోను ఉంది కదా, నీ అవసరమేముంది అని అడుగుతారు. జాతరలో ఎత్తిన ఫోన్లన్నీ రథం వైపే ఉంటాయి. ఫోను ఎత్తిన మనవడి పక్కనే అవ్వ నిలబడి ఉంటుంది. రెండేళ్లకు ఫోను పాడవుతుంది, కొత్తది కొంటారు, పాతదాంట్లోవి పోతాయి. గోడకు మేకు కొట్టి తగిలించిన ఫొటో ఒక్కటే ఆ ఇంట్లో నిలుస్తుంది. నాకు తెలిసిన చాలా ఇళ్లలో ఆ మేకుకు తగిలించడానికి మనిషి పోయాకే ఫొటో వెతుకుతున్నారు.

ఈ ఏడు భద్రేశ్వరుడి జాతరకు రాత్రి తొమ్మిదికే చేరాను. రంకుల రాట్నం తిరుగుతోంది. సేడం, చించోళి వైపు నుంచి వచ్చిన వాళ్ల కన్నడం, మన తెలుగు, ఉర్దూ కలిసి వినిపిస్తున్నాయి. రథానికి వీపు పెట్టి నిలబడ్డాను. జనంలోంచి ఎవరో "సారూ" అన్నారు. ఫోన్ చేసిన పిల్లవాడు. అప్పటిదాకా గొంతే తెలుసు. వెంట వాళ్ల తాతను తీసుకొచ్చాడు. తెల్ల ధోవతి, భుజం మీద కంబళి, తలకు రుమాలు.

"ఈయన్ను దించు సారూ."

తాత రుమాలు విప్పి, దులిపి, నింపాదిగా మళ్లీ చుట్టుకున్నాడు. కంబళి మనవడి చేతికిచ్చాడు. నా వెనక మోకులు బిగిశాయి. జనం ఒక్కసారి కేక వేశారు. రథం కదిలింది. దాని వెలుతురు నా భుజాల మీదుగా పోయి ఆయన ముఖం మీద పడింది. ఆయన నా వైపు చూడలేదు. నా తల మీదుగా రథాన్ని చూస్తూ చేతులు జోడించాడు. నొక్కాను.

"అయిందా?"

"ఇంకోటి, తాతా."

"దించు. ఒకటి ముసల్దాని పక్కన పెడ్త. ఒకటి నాకియ్యి. ఇప్పుడే సూసుకుంట."