ఖాళీ చోటులో పలికిన వాద్యం: సినిమా పాటలో, పెళ్ళి మండపంలో సాక్సోఫోన్

పాటలో ఒక వాద్యం పాత్రను గురించి రాయమంటే విద్యార్థులు అది ఎంత మధురంగా పలికిందో రాస్తారు. ఎక్కడ పలికిందో మాత్రం రాయరు. తెలుగు సినిమా పాటలో పల్లవికి ముందు ఒకసారి, చరణానికీ చరణానికీ మధ్య మరొకసారి గాయకుడు మౌనంగా ఉంటాడు. ఆ ఖాళీలో వాద్యాలు మాట్లాడతాయి. జనరంజక సంగీతంలో సాక్సోఫోన్ చరిత్ర చాలావరకు ఈ ఖాళీకి సంబంధించిన చరిత్రే. ఈ పాఠ్యభాగంలో ఆ కోణం నుంచే పరిశీలిద్దాం.

బెల్జియం దేశస్థుడైన అడాల్ఫ్ సాక్స్ 1846లో పారిస్‌లో ఈ వాద్యానికి పేటెంటు పొందాడు. ఒళ్ళంతా ఇత్తడే అయినా, ఒంటి రెల్లు పలకతో పలుకుతుంది కాబట్టి దీనిని క్లారినెట్ కుటుంబంలో చేర్చారు. మొదట సైనిక బ్యాండ్లలో ఉండేది. అమెరికాలో జాజ్ దీనిని సొంతం చేసుకుంది. 1939లో కోల్‌మన్ హాకిన్స్ ‘బాడీ అండ్ సోల్’ రికార్డు చేసేనాటికి ఇది వరుసలో కూర్చునే వాద్యం మాత్రమే కాదు, ఒంటరిగా నిలబడి మాట్లాడగల వాద్యం. 1950ల రాక్ అండ్ రోల్‌లో పాట మధ్యలో వచ్చే సోలో తరచు దీనిదే. తరవాత ఎలక్ట్రిక్ గిటార్ ఆ చోటును ఆక్రమించింది. 1978లో ‘బేకర్ స్ట్రీట్’, 1984లో ‘కేర్‌లెస్ విస్పర్’ వచ్చాక జనానికి పాట మాటలకంటే సాక్సోఫోన్ వరసే ఎక్కువ గుర్తుండిపోయింది. కీర్తి వచ్చింది గాని అర్థం కుంచించుకుపోయింది. సాక్సోఫోన్ అంటే విరహం, రాత్రి, మసక వెలుతురు అన్న ముద్ర పడింది.

మన దేశంలో ఆ ముద్ర అంతకుముందే పడింది. బొంబాయిలో మనోహరి సింగ్ 1964 నాటి ‘కశ్మీర్ కీ కలీ’లోను, 1969 నాటి ‘ఆరాధన’లోను వాయించిన తీరు వినండి. రెండో చిత్రంలోని వర్షపు రాత్రి పాటలో గాయకుడు చెప్పకుండా ఆపిన మాటను వాద్యం అందుకుంటుంది. మద్రాసులో తయారైన తెలుగు పాటల్లో ఈ పని ఎక్కువగా క్లబ్బు పాటలకు పరిమితమైంది. ఎల్.ఆర్. ఈశ్వరి గొంతు, తెర మీద జ్యోతిలక్ష్మి నాట్యం, వెనక ట్రంపెట్, సాక్సోఫోన్. కథానాయిక పాటకు వేణువు, వీణ, సితార్. క్లబ్బు నర్తకి పాటకు సాక్సోఫోన్. ఈ పంపకం నాదాన్ని బట్టి జరిగింది కాదు, స్త్రీల గురించి సినిమాకున్న అభిప్రాయాలను బట్టి జరిగింది. వాద్యానికి శీలం ఉండదు; దాన్ని అంటగట్టింది సన్నివేశం.

ఆ ముద్రను చెరిపినవారిలో కద్రి గోపాలనాథ్ (1949–2019) ముఖ్యుడు. మంగళూరు ప్రాంతం వాడు, నాదస్వర విద్వాంసుడి కుమారుడు. మైసూరు ప్యాలెస్ బ్యాండులో సాక్సోఫోన్ విని, దాని మీద కర్ణాటక సంగీతం వాయించాలని పట్టుబట్టాడు. ఇక్కడ ఒక సాంకేతిక విషయం గమనించాలి. నాదస్వరంలో వేలు నేరుగా రంధ్రం మీద ఉంటుంది. సగం మూసి, కొద్దిగా జరిపి గమకం పలికించవచ్చు. సాక్సోఫోన్‌లో వేలికీ రంధ్రానికీ మధ్య మీట ఉంటుంది. కాబట్టి గమకంలో ఎక్కువ భాగం పెదవి మీద, ఊపిరి మీద సాధించాలి. ఆయన ఏళ్ళ తరబడి చేసిన సాధన ఇదే. 1994లో లండన్‌లో బి.బి.సి. ప్రామ్స్ వేదిక మీద కచేరీ చేశాడు. అదే ఏడాది కె. బాలచందర్ తమిళ చిత్రం ‘డ్యూయెట్’లో ప్రభు పోషించిన పాత్ర సాక్సోఫోన్ వాద్యకారుడు, ఎ.ఆర్. రెహమాన్ సంగీతంలో ఆ వాద్యం వాయించింది కద్రి. అందులో సాక్సోఫోన్ ఖాళీని నింపదు, కథను నడుపుతుంది. వినేవాడికి క్లబ్బు గుర్తుకు రాదు.

కీబోర్డు వచ్చి సాక్సోఫోన్‌ను చంపిందని తరచు అంటారు. కీబోర్డు, కంప్యూటర్ పద్ధతికి పేరుపడ్డ రెహమానే ఈ చిత్రం చేశాడన్న సంగతి ఆ వాదనకు అడ్డు వస్తుంది. యంత్రం వాద్యకారుల కూలి తగ్గించింది, నిజమే. స్టూడియోకు పిలుపు ఆగిపోయినవారి కష్టం చిన్నది కాదు. కాని వాద్యం పాత్ర తగ్గడానికి పెద్ద కారణం పాట కట్టడం మారడం. లయ ముక్క తిరిగి తిరిగి వచ్చే పాటలో చరణాల మధ్య ఖాళీ కురచైపోయింది. రెండు ఆవర్తాల్లో ఏ వాద్యమైనా ఏం చెబుతుంది?

ఇప్పుడు మణికొండ, పుప్పాలగూడ వైపు ఏ ఫంక్షన్ హాలులోనైనా రిసెప్షన్ చూడండి. నేనుండేది ఇక్కడే కనుక మాఘమాసంలో చూడకపోయినా వినక తప్పదు. సూటు వేసుకున్న వాద్యకారుడొకడు ముందే రికార్డు చేసిన ట్రాకు మీద పాత సినిమా పాటలు సాక్సోఫోన్‌పై వాయిస్తాడు. ఒకప్పుడు క్లబ్బు గుర్తుగా ఉన్న నాదం ఇప్పుడు హోదాకు గుర్తు. ఆ వాద్యకారుడికి అది గౌరవమైన బతుకుతెరువు. దాన్ని తక్కువ చేయను. నా అభ్యంతరం వాయించే భాగం గురించి. అతను వాయించేది గాయకుడి వరస. ఇంటర్‌లూడ్ వచ్చేసరికి సాక్సోఫోన్ దించుతాడు, ట్రాకు వాయిస్తుంది! తనకోసం ఏర్పడ్డ చోటులో మౌనంగా ఉండి, గాయకుడి చోటులో పలకడం ఎంత తలకిందులైన ఏర్పాటో ఆలోచించండి.

మర్నాడు ముహూర్తానికి మాత్రం సన్నాయి, డోలు వస్తాయి. గట్టిమేళం సాక్సోఫోన్‌కు ఇవ్వరు. కొన్నిచోట్ల డోలు పక్కన సాక్సోఫోన్ కూర్చుని కీర్తనలు వాయిస్తోంది. అక్కడ అది ట్రాకును అనుసరించదు, డోలు విద్వాంసుడి కంటి సైగను బట్టి నడుస్తుంది, ఒక సంగతిని రెండోసారి మార్చి వాయిస్తుంది. నాదస్వరం ఇంట్లో పుట్టిన కద్రి చూపిన దారి అదే.

అభ్యాసం: మీ ప్రాంతంలో ఒక పెళ్ళిలో గాని, ఆర్కెస్ట్రాలో గాని సాక్సోఫోన్ వినండి. అది గాయకుడి వరస వాయించిన చోట్లు, సొంతంగా పలికిన చోట్లు, మౌనంగా ఉన్న చోట్లు వేరువేరుగా గుర్తించి ఒక పుటకు మించకుండా రాయండి. వాద్యకారుడితో మాట్లాడే వీలుంటే, ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడగండి.