చేతికి లొంగే రబ్బరు

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో సాయంత్రం పని ముగించుకుని టేబుల్ టెన్నిస్ (టీటీ) టేబుల్ దగ్గరికి చేరే ఆటగాడు కొత్త రబ్బరు వేయించాలనుకోగానే మొదట వినే మాట ఒకటుంది: "గట్టిదే వేయించు గురూ, పెద్దాటగాళ్లంతా అదే వాడుతున్నారు." చెప్పేవాళ్ల అభిమానాన్ని శంకించనక్కర్లేదు, కానీ సలహా మాత్రం సరైనది కాదు. వారానికి మూడు నాలుగు సాయంత్రాలు ఆడేవారికి, అందులోనూ కొల్లేటి గాలి తగిలే ఈ ఊళ్లలో ఆడేవారికి, మెత్తదనం వైపు మొగ్గిన మధ్యరకం రబ్బరే మేలని నా వాదన. డబ్బు ఆదా అవుతుందనో, ఆట తేలికవుతుందనో ఈ మాట అనడం లేదు. చెయ్యి నేర్చుకోవాల్సిన దాన్ని ఆ రబ్బరే నేర్పుతుంది గనక అంటున్నాను.

రబ్బరు అని ఒక్క మాటలో తేల్చేస్తాం గానీ బ్యాట్ చెక్కకు అంటించేది రెండు పొరలు. పైనున్న పల్చటి రబ్బరు పొర బంతిని పట్టుకుంటుంది, దాని కిందున్న స్పాంజి బంతిని లోపలికి తీసుకుని తిరిగి విసురుతుంది. బంతి బరువు 2.7 గ్రాములు. అది రబ్బరును తాకి ఉండేది సుమారుగా సెకనులో వెయ్యో వంతు. ఆ రవ్వంత సమయంలో బంతి స్పాంజిలోకి ఎంత దిగిందన్నదాన్ని బట్టే స్పిన్ ఎంత పడుతుంది, బంతి ఎంత ఎత్తున వెళ్తుంది, చేతికి ఏం తెలుస్తుంది అనేవన్నీ తేలతాయి. స్పాంజి మెత్తగా ఉంటే ఓ మాదిరి ఊపుకే బంతి లోపలికి దిగుతుంది. గట్టి స్పాంజిలోకి దించాలంటే మాత్రం నడుము తిరగాలి, కాలు నేలను తన్నాలి, ముంజేయి కొరడాలా విసురుగా రావాలి. అవేవీ లేకుండా చేత్తో మాత్రమే కొడితే బంతి పైపొర మీదే తగిలి చెక్కను కొట్టినట్టు ఎగిరిపోతుంది. స్పిన్ పడదు, ఎక్కడ తప్పు జరిగిందో చేతికి తెలియదు. ఆ తెలియకపోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఈ మెత్తన, గట్టి తగువు మొదలైంది మన దేశంలోనే. 1952 ఫిబ్రవరిలో బొంబాయిలో ప్రపంచ పోటీలు జరిగాయి. అప్పటిదాకా దాదాపు అందరి బ్యాట్లకూ స్పాంజి లేని బుడిపెల రబ్బరే. బంతి తగిలితే టక్కుమని మోగేది, ఆ చప్పుడును బట్టే ఎదుటివాడు దెబ్బ బలాన్ని అంచనా కట్టేవాడు. జపాన్ నుంచి వచ్చిన హిరోజి సతో మందపాటి స్పాంజి అంటించిన బ్యాట్‌తో దిగాడు. చప్పుడు లేదు. బంతి ఎప్పుడు, ఎంత వేగంతో వస్తుందో అంతుపట్టక దిగ్గజాలు తడబడ్డారు. ప్రపంచ టైటిల్ సతోకు దక్కింది. తర్వాత చాలాకాలం వాదోపవాదాలు నడిచి, 1959లో అంతర్జాతీయ సమాఖ్య ఒక హద్దు గీసింది: స్పాంజి, పైపొర, జిగురు అన్నీ కలిపి 4 మిల్లీమీటర్లు దాటకూడదు. నేటికీ అదే నియమం. మందం మీద హద్దు పెట్టారు గానీ మెత్తదనం మీద పెట్టలేదు. అందుకే ఆ ఎంపిక ఆటగాడి చేతికే మిగిలింది.

ఇక పెద్దాటగాళ్ల మాట. ఇక్కడివారికి ఆ పేర్లు దూరపువేమీ కావు. ఆచంట శరత్ కమల్ ఇంటిపేరులోని ఆచంట పశ్చిమ గోదావరి ఊరే. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో, నలభయ్యేళ్ల వయసులో, సింగిల్స్ స్వర్ణం గెలిచి, హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణమూ పట్టుకొచ్చాడు. వాళ్లను చూసి ఉప్పొంగని టీటీ అభిమాని ఉండడు. అయితే వాళ్ల స్థాయిలో ఆడేవారు రోజుకు గంటల తరబడి సాధన చేస్తారు, రబ్బరు పట్టు తగ్గిందనిపించగానే మార్చేస్తారు. 2014లో సెల్యులాయిడ్ బంతి పోయి ప్లాస్టిక్ బంతి వచ్చాక స్పిన్ కాస్త తగ్గింది. దాన్ని పూడ్చుకోవడానికి పెద్ద స్థాయిలో స్పాంజిలు ఇంకా గట్టిపడ్డాయి. వాళ్ల ఊపుకు ఆ గట్టి స్పాంజి కూడా మెత్తగానే లొంగుతుంది. అంటే వాళ్లు వాడేదీ తమ చేతికి లొంగే రబ్బరే. వారి నుంచి మనం తెచ్చుకోవాల్సింది ఆ సూత్రం, ప్యాకెట్ మీది అంకె కాదు.

ఆ అంకెల సంగతీ కొంచెం చెప్పుకోవాలి, ఎందుకంటే డబ్బు వృథా అయ్యేది అక్కడే. జర్మనీ కొలతలో 40 డిగ్రీల చుట్టుపక్కల ఉంటే మెత్తన, 45 నుంచి 47.5 దాకా మధ్యరకం, 50 దాటితే గట్టిది. చైనా కంపెనీల కొలత వేరు. అక్కడ 39 అని రాసిన స్పాంజి జర్మనీ 47.5 కన్నా గట్టిగా ఉంటుంది. చిన్న అంకె చూసి మెత్తనిదనుకుని చైనా జిగట రబ్బరు కొన్నవారు నెల తిరిగేసరికి భుజం నొప్పి అంటారు. పైగా వాటిలో కొన్ని రకాలను పెద్దాటగాళ్లు నూనె మందు రాసి ఉబ్బించి వాడతారని వినికిడి. ఫ్యాక్టరీ నుంచి వచ్చాక రబ్బరుకు ఏ మందూ రాయకూడదని నియమం స్పష్టంగా చెబుతోంది. ప్యాకెట్‌లోంచి తీసి అలాగే అంటిస్తే అది మామూలు చేతికి మొద్దుబారినట్టే ఉంటుంది.

కొల్లేటి గాలి ఊసు ఎత్తింది ఊరికే కాదు. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ అంత పెద్ద మంచినీటి సరస్సు, దాని చుట్టూ కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు. వానాకాలం సాయంత్రాలు గాలి చేతితో పిండేటట్టు ఉంటుంది. పైగా బంతి పక్కకు కొట్టుకుపోతుందని ఆటగాళ్లు ఫ్యాన్లు ఆపేస్తారు. అప్పుడు రబ్బరు మీద వేలు గీసి చూడండి. పొడిగా ఉంటే వేలు కీచుమంటూ ఆగుతుంది, తేమ పట్టి ఉంటే సబ్బు రాసినట్టు జారిపోతుంది. గట్టి జిగట రబ్బరు ఆటంతా పైపొర పట్టు మీదే నడుస్తుంది. బంతిని ఒరుసుకుంటూ పైకి లాగడం దాని పద్ధతి. తేమకు ముందు పోయేది ఆ పట్టే, లాగిన బంతి నేరుగా నెట్‌లో పడుతుంది. మెత్తని స్పాంజికీ తేమ బెడద తప్పదు గానీ, బంతిని కాస్త సూటిగా కొట్టి లోపలికి దించుకునే వీలుంటుంది గనక దెబ్బ పూర్తిగా చెడిపోదు. రైస్ మిల్లులున్న తాడేపల్లిగూడెం లాంటి చోట్ల జిగట రబ్బరు దుమ్మును కూడా ఇట్టే పట్టుకుంటుంది.

నా వాదనకు గట్టి అభ్యంతరం వేరే ఉంది, అది తేలిగ్గా తీసిపారేయదగ్గది కాదు. మెత్తని రబ్బరు అబద్ధం చెబుతుందంటారు అనుభవమున్న కోచ్‌లు. ఊపు లేకపోయినా బంతి ఎగురుతుంది గనక ఊపు నేర్చుకోరు. చిన్న సర్వీసును తిప్పికొట్టబోతే బంతి పైకి లేచి ఎదుటివాడికి స్మాష్ అందిస్తుంది. బలంగా కొడితే స్పాంజి అడుగంటిపోతుంది. ఏలూరు తివాచీ మీద అరచెయ్యి ఆన్చితే ఉన్ని ఒదుగుతుంది, ఇంకాస్త నొక్కితే కింది నేల తగులుతుంది కదా, ఆ విధంగా. ఇదంతా నిజమే. అందుకే మరీ మెత్తనిది వద్దంటున్నాను. ఫోర్‌హ్యాండ్‌కు జర్మనీ కొలతలో 45, ఊపు సహజంగానే చిన్నదైన బ్యాక్‌హ్యాండ్‌కు 42 ప్రాంతంలో, స్పాంజి మందం 1.8 లేదా 2.0 మిల్లీమీటర్లు. మందం తగ్గితే ఆ తుళ్లింత అదుపులో ఉంటుంది. అబద్ధం విషయానికొస్తే, గట్టి రబ్బరు చెప్పేది నిజమే అయినా కొత్త చేతికి ఆ భాష అర్థం కాదు. బంతి దిగిన స్పర్శ ఒక్కసారీ ఎరగని చెయ్యి దాన్ని వెతుక్కోలేదు.

బుడిపెలు బయటకుండే పింపుల్స్ రబ్బర్ల లెక్క వేరే. అది మరో వ్యాసానికి సరిపడే విషయం.

మెత్తని రబ్బరు త్వరగా అరిగిపోతుందన్న మాటలో కొంత నిజముంది. దాన్ని ఇంకా త్వరగా చంపేది మాత్రం మన అలవాట్లే. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో బ్యాట్ వదిలేయడం, చెమట చేత్తో తుడవడం. ఆట అయ్యాక తడిపి పిండిన స్పాంజి ముక్కతో ఒకసారి తుడిచి, ఆరాక ప్లాస్టిక్ పొర అంటిస్తే చాలు, ఆయుష్షు బాగా పెరుగుతుంది. నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. పెద్దవాళ్లు వాడి వదిలేసిన గట్టి రబ్బరు బ్యాట్లే పిల్లల చేతికి వస్తాయి. పైపొర నున్నబడి, స్పాంజి బిగుసుకుపోయి ఉంటుంది. పదేళ్ల పిల్ల ఆ బ్యాట్‌తో టాప్‌స్పిన్ వేయబోయి, బంతి పట్టు దొరక్క, భుజమంతా విసురుతూ ఉంటుంది. ఆ పిల్లకు కొత్త బ్యాట్ కొనే స్తోమత లేకపోతే ఉన్న చెక్కకే 1.8 మిల్లీమీటర్ల మెత్తని రబ్బరు రెండు వైపులా వేయించి ఇవ్వండి. మొదటి వారం బంతులు టేబుల్ దాటిపోతాయి. రెండో వారానికి చెయ్యి తనంతట తానే బ్యాట్‌ను కాస్త ముందుకు వంచుతుంది.