సూక్ష్మసూదులు: వాగ్దానమెంత, నిరూపణ ఎంత?

మధుమేహం ఉన్నవారు తరచు వేలు పొడుచుకొని రక్తంలోని చక్కెరను చూచుకొనవలసి వస్తున్నది. సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వంటి పేటలలో పరగడుపున రక్తపరీక్షకు వెళ్ళేవారిలో ఇట్టివారు అనేకులు. ఈ సూదిపోటును తప్పించగలదని చెప్పబడుతున్న సాధనం సూక్ష్మసూదుల పట్టీ. దీనిని గురించి వచ్చే రచనలు పలుసార్లు అద్భుతమనే మాటతో మొదలై ఆ మాటతోనే ముగుస్తున్నవి. విద్యార్థికి కావలసినది మాత్రం కొలత.

చర్మంపై ఉన్న నిర్జీవకణాల పొర సాధారణంగా 10 నుండి 20 మైక్రాన్ల మందం ఉంటుంది. సూక్ష్మసూది పొడవు సుమారు ఒక మిల్లీమీటరు లోపు. అది ఆ పొరను దాటి, కణాల మధ్యనున్న ద్రవాన్ని అందుకొంటుంది. సూది పొట్టిది, మొన సన్ననిది. కనుక తగిలే నాడులు కొద్ది, నొప్పి అల్పం. ఇట్టి సూదుల ఊహకు 1976లోనే అమెరికాలో పేటెంటు లభించినది. 1998లో అట్లాంటాలోని జార్జియా టెక్ పరిశోధకులు సిలికాన్‌తో వాటిని చేసి చూపినారు.

ఇంతవరకు ప్రశంసార్హమే. చిక్కు ఆ ద్రవంలోనే ఉన్నది. అది రక్తం కాదు. రక్తంలో చక్కెర పెరిగితే, ఆ పెరుగుదల ఈ ద్రవంలో కనిపించడానికి సుమారు 5 నుండి 10 నిమిషాలు పట్టవచ్చు. చక్కెర చిన్న అణువు గనుక రక్తకేశనాళికల గోడను సులువుగా దాటుతుంది. పెద్ద ప్రోటీనులు అంత సులువుగా దాటవు. అందుచేత చక్కెర విషయంలో కుదిరినది ప్రతి వ్యాధిసూచకానికీ కుదురుతుందనడం తర్కం కాదు. పైగా పట్టీకి చిక్కే ద్రవం అత్యల్పం. నేడు భుజానికి అంటించుకొనే చక్కెర మాపకాలలో సాధారణంగా ఉండేది సుమారు 5 మిల్లీమీటర్ల సన్నని తీగ. దాని విజయాన్ని సూక్ష్మసూది ఖాతాలో వేయరాదు.

తొందరపాటు ఫలితానికి నిదర్శనం ఉన్నది. 2003లో అమెరికాలో స్థాపితమైన థెరనోస్ సంస్థ, వేలికొన నుండి తీసిన కొద్ది చుక్కల రక్తంతో ఎన్నో పరీక్షలు చేస్తామన్నది. 2018లో అది మూతపడినది. మదుపుదారులను మోసగించిన నేరం దాని స్థాపకురాలు ఎలిజబెత్ హోమ్స్‌పై 2022లో రుజువైనది.

దీనికి భిన్నమైన మార్గం మన నగరంలోనే కనిపిస్తుంది. దోమ తొండం ప్రకృతి చేసిన సూక్ష్మసూది వంటిది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్, మలేరియా రోగి రక్తం త్రాగిన దోమ జీర్ణాశయపు గోడలో ఆ పరాన్నజీవిని చూచినాడు. ఎన్నో దోమలను ఓపికగా కోసి పరిశీలించిన తరువాతనే అది సాధ్యమైనది.

సూక్ష్మసూదులకూ అదే పరీక్ష తగును. ఏ సూచకాన్ని కొలిచినారు? ఎందరిలో కొలిచినారు? అదే సమయంలో తీసిన రక్తంతో ఫలితాన్ని సరిపోల్చినారా? తరగతిలో ఈ మూడు ప్రశ్నలు అడగడం నేర్చిన విద్యార్థి, రేపు తన ఇంటిలోని రోగికి ఏ పట్టీని నమ్మవచ్చునో చెప్పగలడు.