ఎదురెదురు డిష్‌ల వైద్యులు

దొరవారిసత్రం వైపు రొయ్యల గుంటల మీద కెమెరాలకు నెట్ కావాలంటే ఊళ్లో డాబా మీదొకటి, గుంట గట్టునొకటి డిష్‌లు ఎదురెదురుగా నిలబెడతారు. ఆ జోడీ మొరాయిస్తే చక్కదిద్దే కుర్రాళ్లంటే నాకెంతో గౌరవం.

వాళ్లు ముందు స్తంభం ఎక్కరు. అడాప్టర్‌నీ కేబుల్ కొసనీ చూస్తారు. ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి. కొస కత్తిరించి కొత్తది నొక్కితే చాలాసార్లు రోగం అక్కడే కుదురుతుంది. కుదరకపోతే సిగ్నల్ చూస్తారు. మైనస్ 60 డీబీఎం ఉండాల్సింది మైనస్ 80కి పడిందంటే దిశ తప్పిందో, అడ్డమొచ్చిందో! ఎదుటి డిష్ కంటికి ఆనితే చాలదు. 5.8 గిగాహెర్ట్జ్ లింకుకి 3 కిలోమీటర్ల దారి నడిమధ్యన, రెండు డిష్‌లను కలిపే గీత చుట్టూ సుమారు 6 మీటర్ల ఖాళీ ఉంటే మేలు. వేసవిలో పరుగెత్తిన లింకు వానలకు చెట్లు గుబురెక్కగానే నీరసించేది అందుకే.

ఇక బిగింపు. ఒకడు నట్టు మీద, ఇంకొకడు ఫోన్లో: “కొంచెం ఎడమకు, అన్నా... ఇంకొంచెం... ఆగాగు, చాలు!” వెంట్రుకవాసి తేడాకే అంకె మారిపోతుంది.

వెంటనే దిగిపోరు. పింగ్ నడుస్తుండగా కాసేపు కాచుకుంటారు. కేబుల్‌ను కనెక్టర్ కింద వంపు తిప్పి, నీళ్లు లోపలికి జారకుండా టేపు చుడతారు. ఆ వంపు లేని పని ఎక్కడైనా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.